డ్వాక్రా గ్రూపులో చేరాలా వద్దా అని అడిగిన అమ్మాయికి

గుంటూరులో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక విజయవాడ సింగ్‌నగర్ వచ్చిన ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "పక్కింటి ఆంటీ డ్వాక్రా గ్రూపులో చేరమంటున్నారు. నెలకు 200 పొదుపు కట్టాలంట. నాకైతే ఇప్పుడు లోన్ అవసరం లేదు. ఒకరు కట్టకపోతే అందరి మీదా పడుతుందని మా ఆయన వద్దంటున్నారు. పెళ్లికి ముందు గుంటూరులో మా అమ్మ వాళ్ల గ్రూపులో నా పేరు కూడా ఉండేది. లోన్ అక్కర్లేని వాళ్లకు గ్రూపు వల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉంటుందా?"

ఉంటుందమ్మా. కాకపోతే ఏ గ్రూపులో పడితే ఆ గ్రూపులో ఉండదు. నేను వన్‌టౌన్ కొండ ప్రాంతం బస్తీల్లో చాలా ఏళ్లు ఆర్పీగా, అంటే గ్రూపులకు రిసోర్స్ పర్సన్‌గా పనిచేశాను. కొత్త గ్రూపులు కట్టించడం, పుస్తకాలు రాయడం నేర్పడం, లీడర్లను బ్యాంకుకు తీసుకెళ్లడం, కిస్తీలు ఆగిపోయిన ఇళ్లకు వెళ్లి కూర్చోవడం, ఇదే పని. ఇప్పుడు ఆ పని మానేశాను గానీ మా గ్రూపులో ఇంకా సభ్యురాలినే. అందుకని కొంచెం వివరంగానే చెప్తాను.

మన వైపు డ్వాక్రా అనగానే అందరికీ లోనే గుర్తొస్తుంది. బ్యాంకు లోన్ మూడు నాలుగేళ్లలో ఒకసారి వచ్చేది. నెలనెలా జరిగేది వేరే ఉంది: పొదుపు కట్టడం, ఆ పొదుపులోంచి మనలో మనం అప్పు ఇచ్చుకోవడం, అందరూ ఒకచోట కూర్చుని లెక్క వినడం. లోన్ అక్కర్లేని మీకు పనికొచ్చేది ఇదే. నిజానికి లోన్ కావాల్సిన వాళ్లక్కూడా అంతిమంగా మేలు చేసేది ఇదే అని నా అనుభవం.

లెక్క చూడండి. పదిమంది నెలకు 200 చొప్పున కడితే నెలకు 2,000, ఏడాదికి 24,000. మూడేళ్లకు 72,000, దానిమీద సభ్యులు కట్టిన వడ్డీ అదనం. ఈ డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉండకుండా, అవసరమున్న సభ్యురాలికి నూటికి రూపాయి వడ్డీకి ఇస్తారు. దీన్నే అంతర్గత అప్పు అంటాం. కొన్ని గ్రూపుల్లో రూపాయిన్నర, రెండు రూపాయలు కూడా పెట్టుకుంటారు, అది వాళ్ల తీర్మానం. ఎంత పెట్టుకున్నా ఆ వడ్డీ మళ్లీ గ్రూపు ఖాతాలోకే వస్తుంది. కట్టింది మనమే, చేరింది మన దగ్గరికే.

ఇప్పుడు బయట సంగతి. తోపుడు బండ్ల వాళ్లకు, టిఫిన్ సెంటర్ల వాళ్లకు రోజువారీ ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు మీ వీధిలోనూ తిరుగుతూ ఉంటారు. 10,000 అని రాసుకుని ముందే 1,500 కోసుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. అదే 8,500 గ్రూపులో తీసుకుని నాలుగు నెలల్లో సమానంగా తీర్చేస్తే, తగ్గుతున్న అసలు మీద నూటికి రూపాయి లెక్కన మొత్తం వడ్డీ 213 రూపాయలకు మించదు. 1,500 ఎక్కడ, 213 ఎక్కడ! మీకు ఈరోజు అప్పు అవసరం లేకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఆపరేషన్ అన్న రోజున మొదట ఎవరి గడప తొక్కుతామన్నదే అసలు ప్రశ్న.

ఆ గడప ఎలాంటిదో విజయవాడకు బాగా తెలుసు. 2015 డిసెంబరులో అధిక వడ్డీల కాల్‌మనీ కేసులు బయటపడినప్పుడు రాష్ట్రమంతా మన ఊరి గురించే మాట్లాడుకుంది. వడ్డీ కట్టలేకపోయిన ఆడవాళ్లను వేధించి లొంగదీసుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. అంతకుముందు 2006లో కృష్ణా జిల్లాలో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల మీద పెద్ద గొడవలై, అధికారులు వాటి బ్రాంచీలు మూయించారు. 2010 అక్టోబరులో, అప్పుల వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సే తెచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది ఆ కంపెనీల గ్రూపునీ పొదుపు సంఘాన్నీ ఒకటే అనుకుంటారు. కంపెనీ గ్రూపులో మన పొదుపు ఉండదు. ఐదుగురినో పదిమందినో ఒకరికొకరు పూచీగా కూర్చోబెట్టి అప్పు ఇస్తారు, ఏజెంట్ వారం వారం వచ్చి వసూలు చేసుకుంటాడు, వడ్డీ కంపెనీకి పోతుంది. మీ ఆంటీ పొదుపు 200 అన్నారంటే సంఘమే అయ్యుంటుంది. అయినా ఒక మాట అడిగి తెలుసుకోండి. "మనకు గ్రూపు పేరు మీద సేవింగ్స్ ఖాతా ఉందా, ఏ బ్యాంకులో?" అంటే సరిపోతుంది.

పేర్లు చాలా వినపడతాయి కాబట్టి అవి కూడా క్లుప్తంగా చెప్పేస్తాను. డ్వాక్రా అనేది 1982లో కేంద్రం పెట్టిన పథకం పేరు. పథకం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది. మన రాష్ట్రంలో దీనికి ఊపిరి పోసింది 90ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం. సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్లే, అక్కడ ఆగిన డబ్బును పొదుపు చేద్దామని కూర్చున్నారు. 1992లోనే వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులిచ్చే పద్ధతిని 500 గ్రూపులతో మొదలుపెట్టింది. 2000లో వెలుగు పథకం వచ్చింది, పల్లెల్లో దాన్ని నడిపేది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్. 2007లో పట్టణాలకు మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన మిషన్ వచ్చింది. మీది సింగ్‌నగర్ కాబట్టి మెప్మా కిందికి వస్తారు. గ్రూపులన్నీ కలిసి బస్తీ స్థాయిలో ఒక సమాఖ్య, దాన్ని ఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. దానిపైన పట్టణ సమాఖ్య. పల్లెల్లో అయితే గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య.

ఇక సమావేశం గురించి. గ్రూపు మంచిదో కాదో అక్కడే తేలిపోతుంది కాబట్టి మా గ్రూపు సంగతే చెప్తాను.

మాలో ఇద్దరు ఇళ్లలో పనికి వెళ్తారు, ఒకావిడ బట్టల షాపులో సేల్స్, ఇంకొకావిడ ఇడ్లీ బండి. అందుకని ఆదివారం మూడింటికి పెట్టుకున్నాం. ముందు హాజరు. ఆలస్యమైతే పది రూపాయలు జరిమానా, అది లీడరుకైనా తప్పదు. తర్వాత పుస్తకం రాసే ఆవిడ గట్టిగా చదువుతుంది: కిందటి నిలవ ఎంత, ఈ నెల పొదుపు ఎంత, అప్పుల వసూలు ఎంత, వడ్డీ ఎంత, చేతిలో ఎంత, బ్యాంకులో ఎంత. చదువురాని వాళ్లున్నారు కదా, వాళ్లకు ఈ గట్టిగా చదవడమే పాసుబుక్కు. మాలో ఒకావిడకు సంతకం తప్ప అక్షరం రాదు, కానీ ఎవరి దగ్గర ఎంత అసలు మిగిలిందో చూడకుండా చెప్పేస్తుంది. పుస్తకం తప్పు చదివితే ముందు పట్టుకునేది ఆవిడే.

ఒకసారి ఇడ్లీ బండి ఆవిడ గ్రైండరు కోసం 15,000 అడిగింది. అదేరోజు ఇంకొకావిడ కొడుకు పరీక్ష ఫీజుకు 6,000 అడిగింది. మా దగ్గర ఉన్నది 14,000. ఇద్దరిలో ఎవరికీ కోపం రాకుండా తేల్చాలి. "ఫీజు గడువు ఎప్పటిదాకా?" అని ఒకరు. "పాత గ్రైండరుకు మోటారు మార్పిస్తే సరిపోదా, కొత్తదే ఎందుకు?" అని ఒకరు. "మోటారు ఇప్పటికే రెండుసార్లు మార్పించాను వదినా, రాయి కూడా అరిగిపోయింది" అని ఆవిడ. "రోజుకు ఎన్ని కేజీల పప్పు రుబ్బుతున్నావు? పెద్ద గ్రైండరు కొంటే అంత పిండి అమ్ముడుపోతుందా?" అని బట్టల షాపు ఆవిడ. అలా అరగంట. చివరికి ఫీజుకు 6,000 ఇచ్చి, ఇడ్లీ ఆవిడకు 8,000 ఆ రోజు, మిగతాది మరుసటి నెల వసూళ్లలో అని తీర్మానం రాశాం. ఆవిడ ఆ 8,000 షాపులో అడ్వాన్సుగా కట్టి, నెల తర్వాత గ్రైండరు తెచ్చుకుంది.

బయటి నుంచి చూస్తే పదిమంది ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. అక్కడ జరుగుతున్నది మాత్రం అప్పు మంజూరు చేసే పని. అడిగేవాళ్లకు ఆ ఇంటి సంగతి తెలుసు, వ్యాపారం తెలుసు, ఆదాయం తెలుసు. అప్పు అడిగిన మనిషి కూడా తలదించుకుని కూర్చోదు, జవాబు చెప్తుంది. ఎవరి ఇంట్లోనూ "ఈ డబ్బు ఎందుకు, ఎలా తీరుస్తాం" అని అడిగించుకోని ఆడవాళ్లు, చెప్పే అవకాశమే లేని ఆడవాళ్లు, రెండు మూడేళ్లు ఇలా కూర్చున్నాక మాట్లాడే తీరే మారిపోతుంది. మొదటి ఆరు నెలలు నోరు విప్పని అమ్మాయిలు తర్వాత బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని "మా ఖాతాలో ఈ చార్జీ ఎందుకు కోశారు సార్?" అని అడగడం నేను చాలాసార్లు చూశాను. సాధికారత అని పోస్టర్ల మీద రాస్తారే, నాకు తెలిసి అది ఇదే.

మీ ఆయన అన్న మాటకు వస్తాను. ఆయన భయం నిజమైనదే, కొట్టిపారేయొద్దు. బ్యాంకు లోన్ గ్రూపు పేరు మీదే ఉంటుంది. ఒకరు కిస్తీ ఎగ్గొడితే ఖాతా మొత్తం బకాయిలోకి పోతుంది, సకాలంలో కడితే వచ్చే వడ్డీ రాయితీ పోతుంది, తర్వాతి లోన్ ఆగుతుంది. మిగతావాళ్లే తలా కొంచెం వేసుకుని కట్టాల్సి రావడం కూడా జరుగుతుంది. ఎన్నికల్లో ఇచ్చిన మాఫీ హామీ నమ్మి కిస్తీలు ఆపేసి, తర్వాత వడ్డీ మీద వడ్డీ పడి లబోదిబోమన్న గ్రూపులను 2014 తర్వాత నేను కళ్లారా చూశాను. ఎవరేం చెప్పినా, డబ్బు ఖాతాలో పడేదాకా కిస్తీ ఆపకూడదు.

అయితే గ్రూపులో సభ్యురాలైనంత మాత్రాన లోన్ తీసుకోవాలని రూలేమీ లేదు. తీసుకోనివాళ్లు తీసుకోవడం లేదని తీర్మానంలో రాయించుకోవాలి. ఇక్కడే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. 5 లక్షలు వస్తే పదిమందికీ తలా 50,000 సమానంగా పంచేస్తారు. ఒకరికి గేదె కొనడానికి లక్ష కావాలి, ఇంకొకరికి 20,000 చాలు, మూడో ఆవిడకు అసలు అక్కర్లేదు. సమానంగా పంచడం వల్ల అక్కర్లేని ఆవిడ తన వాటా లీడరుకో బయట వాళ్లకో రెండు రూపాయల వడ్డీకి ఇస్తుంది. వాళ్లు కట్టకపోతే పేరు ఈవిడదే చెడుతుంది. మీ వాటా ఎవరైనా "మాకిచ్చేయ్, మేమే కట్టుకుంటాం" అంటే ఎంత దగ్గరి వాళ్లయినా ఒప్పుకోవద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడితే సంవత్సరాల టెన్షన్.

కట్టలేని పరిస్థితి ఎవరికైనా వస్తుంది. మంచి గ్రూపుకూ చెడ్డ గ్రూపుకూ తేడా అప్పుడే తెలుస్తుంది. చెడ్డ గ్రూపు ఆవిడ గుమ్మం ముందు నిలబడి పరువు తీస్తుంది. మంచి గ్రూపు మొదటి కిస్తీ తప్పినప్పుడే ఇద్దరిని ఇంటికి పంపి ఏమైందో కనుక్కుంటుంది. భర్త పని పోయిందా, జబ్బా, తాగి తీసుకెళ్లాడా? కారణాన్ని బట్టి రెండు మూడు కిస్తీలు గ్రూపు పొదుపులోంచి బ్యాంకుకు కట్టేసి, ఆవిడ పేరు మీద అంతర్గత అప్పుగా రాసుకుంటుంది. అందుకే పొదుపు బలంగా ఉన్న గ్రూపులో లోన్ తీసుకోవడం క్షేమం. ఇంకో విషయం, చాలామందికి తెలియదు: 10 లక్షల వరకు సంఘాల లోన్లకు తాకట్టు గానీ మార్జిన్ గానీ అడగకూడదని, సంఘం సేవింగ్స్ ఖాతాలోని డబ్బును పట్టి ఉంచకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2021లో పల్లెల్లోని సంఘాలకు తాకట్టు లేని ఈ లోన్ల పరిమితిని 20 లక్షలకు పెంచింది. "మీ పొదుపు తీయడానికి వీల్లేదు" అని బ్రాంచిలో ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి, గట్టిగా కాదు, నింపాదిగా.

సభ్యురాలు చనిపోతే ఏంటి అని కూడా ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడటానికి ఎవరికీ ఇష్టం ఉండదు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయల సురక్షా బీమా బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా తీసుకోవచ్చు. జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు చేరవచ్చు, ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. సురక్షా బీమా ప్రమాదాలకు, 70 ఏళ్ల దాకా. మా గ్రూపులో లోన్ తీసుకునే ప్రతి ఒక్కరికీ ఈ రెండూ ఉండాలని తీర్మానం చేసుకున్నాం. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోవడం కూడా మినిట్స్ బుక్కులో రాస్తాం, రెన్యువల్ అప్పుడే కాబట్టి.

డబ్బు కాని సాయం గురించి మీరు అడగలేదు, కానీ అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మీ సింగ్‌నగర్‌లోనే 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఇళ్లలోకి వచ్చింది. పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, అన్నీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఫ్రిజ్జులు, మంచాలు, కుట్టు మిషన్లు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. నీళ్లు తీసిన వారంలోనే ఉన్న పొదుపంతా బయటికి తీసి, వడ్డీ లేకుండా సభ్యులకు ఇచ్చిన గ్రూపులు నాకు తెలుసు. నష్టపరిహారం జాబితాలో పేరు లేని ఆవిడ కోసం మిగతావాళ్లంతా వార్డు సచివాలయానికి వెంట వెళ్లారు. ఒక్కరే వెళ్తే "రేపు రా" అంటారు, పదిమంది వెళ్తే కుర్చీ వేస్తారు. ఆ వరదలోనే తెలిసిన సంగతి ఇంకొకటి: పుస్తకాలు తడిసి అక్షరాలు పోయిన గ్రూపులకు ఎవరెంత కట్టారో తేల్చుకోవడం నరకమైంది. ప్రతి సమావేశం తర్వాత పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నవాళ్లకు ఆ బాధ లేకపోయింది. మీరు చేరితే ఈ అలవాటు మీరే మొదలుపెట్టండి.

ఇంట్లో దెబ్బలు తినే ఆవిడకు కూడా గ్రూపు ఒక ఆసరా. అలాగని గ్రూపు ఉంటే మొగుడు మారిపోతాడని నేను చెప్పను, మారనివాళ్లను చాలామందిని చూశాను. కానీ ఆవిడ రెండు సమావేశాలకు రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి తలుపు తడతారు. 181కి ఫోన్ చేయాలన్నా, స్టేషన్‌కు వెళ్లాలన్నా తోడు ఉంటారు. తన పేరు మీద పొదుపు ఉంది కాబట్టి పుట్టింటికి బస్సు చార్జీకి ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ బస్సు చార్జీ లేక ఆగిపోయినవాళ్లు ఎంతమందో.

వ్యాపారం విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. గ్రూపులో చేరితే అందరూ పచ్చళ్ల కంపెనీ పెట్టేస్తారన్నట్టు మాట్లాడతారు. ఒకే వీధిలో పదిమంది ఆవకాయ పెడితే కొనేది ఎవరు? నేను చూసినంతలో నిలబడినవి, అప్పటికే చేతిలో ఉన్న పనిని కొంచెం పెద్దది చేసుకున్నవే. వస్త్రలత మార్కెట్లో హోల్‌సేల్‌గా చీరలు తెచ్చి కాలనీలో వాయిదాల మీద అమ్మే ఆవిడ, పదికి బదులు ముప్పై చీరలు తెచ్చుకోగలిగింది. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లే ఇద్దరు, సీజన్‌లో కాయలు కొని కారం పట్టించి, ఇళ్లకు కేజీల లెక్కన అమ్మడం మొదలుపెట్టారు. కాయ రకం వాళ్లకు చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, అదే వాళ్ల పెట్టుబడి. ఆ డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) నంబరు వేయించుకోవడానికి సమాఖ్యలో వాళ్లు దారి చూపించారు. రాని పనిలోకి లోన్ డబ్బుతో దిగినవాళ్లు ఎక్కువగా నష్టపోయారు.

ఇక లోపాలు. దాచిపెడితే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. మొదటిది, లీడరే గ్రూపు అయిపోవడం. పాసుబుక్కులు, చెక్కులు, తీర్మానం పుస్తకం అన్నీ ఒకరి బీరువాలో ఉంటాయి. సభ్యులు కిస్తీ ఆవిడ చేతికిచ్చి వెళ్లిపోతారు, ఆవిడ బ్యాంకులో కట్టదు. ఆర్పీలు, లీడర్లు కలిసి సభ్యుల సంతకాలు వాళ్లే పెట్టి లోన్ తీసిన కేసులు కూడా పేపర్లలో వచ్చాయి. రెండోది, మీటింగులు, ర్యాలీలు, ప్రారంభోత్సవాలు. ఏ ప్రభుత్వం వచ్చినా జనం కావాలంటే ముందు గుర్తొచ్చేది డ్వాక్రా ఆడవాళ్లే. రాకపోతే లోన్ రాదని బెదిరించేవాళ్లూ ఉంటారు. ఇలాంటి బయటి మీటింగుకు రాకపోతే లోన్ ఆపమని ఏ నిబంధనా లేదు. ఆ రోజు కూలి పోగొట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మూడోది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది. నిజంగా అడుగున ఉన్నవాళ్లు గ్రూపుల్లో లేరు. కాలవ గట్ల మీద ఉండేవాళ్లు, అద్దె ఇల్లు ఏడాదికోసారి మారేవాళ్లు, పనికోసం వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. "ఆవిడ కట్టలేకపోతే? మనకెందుకు రిస్కు" అని గ్రూపులే పక్కన పెడతాయి. ఇల్లు ఉన్నవాళ్లే ఇల్లు ఉన్నవాళ్లను చేర్చుకుంటూ పోతే, ఇది మొదట ఎవరికోసం పుట్టిందో వాళ్లే బయట ఉండిపోతారు. వారానికి 20 రూపాయల పొదుపుతో గ్రూపు నడపొచ్చు, మేం నడిపించాం. ఐదారు నెలలు కట్టగానే వాళ్లలోనూ అదే పట్టుదల వస్తుంది. మీరు చేరే గ్రూపులో ఎవరైనా ఇలాంటి ఆవిడను చేర్చుకోవాలా వద్దా అన్న మాట వస్తే, దయచేసి ఆవిడ తరఫున మాట్లాడండి.

చేరేముందు ఏం చూసుకోవాలంటే, ఆంటీతో కలిసి ఒక సమావేశానికి ఊరికే వెళ్లి కూర్చోండి. లెక్కలు బయటికి చదువుతున్నారా లేదా చూడండి. అప్పు ఎవరికి ఎంత ఉందో అందరికీ తెలుసా? కట్టిన డబ్బుకు మీ సొంత పాసుబుక్కులో ఎక్కించి సంతకం పెట్టి ఇస్తారా? లీడర్లు చివరిసారి ఎప్పుడు మారారు? ఒక్కరే పదేళ్లుగా లీడరైతే కాస్త ఆలోచించాలి, మంచావిడే అయినా సరే. బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్ అడిగితే "మా మీద నమ్మకం లేదా?" అని ఎవరైనా అంటే ఆ గ్రూపులో చేరవద్దు. నమ్మకం ఉన్నచోట లెక్క చూపించడానికి ఎవరూ నొచ్చుకోరు. లోన్ ఇచ్చే రోజు తప్ప కూర్చోని గ్రూపు అయితే, మీ ఆయన చెప్పినట్టు అది ఒకరి అప్పుకు ఇంకొకరు పూచీ పడటం తప్ప ఇంకేం కాదు. అలాంటి చోట ఆయన మాటే వినండి.

ఆయనకు కూడా ఈ లెక్కలన్నీ చూపించండి. దాచి చేరడం వద్దు. "మొదటి రెండేళ్లు లోన్ తీసుకోను, పొదుపు మాత్రమే" అని చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. మా బస్తీలో అలా ఒప్పుకున్న మొగవాళ్లే, తర్వాత ఆటో రిపేరుకు డబ్బు కావాల్సి వస్తే "మీ గ్రూపులో అడుగు" అన్నారు.

చివరగా గుంటూరు గ్రూపు సంగతి. దీన్ని నిర్లక్ష్యం చేయకండి. సభ్యుల ఆధార్ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు కాబట్టి ఒకే మనిషి పేరు రెండు గ్రూపుల్లో ఉండటం కుదరదు. అక్కడ పేరు తీయకుండా ఇక్కడ చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యం, మీరు వచ్చేశాక ఆ గ్రూపు ఏదైనా లోన్ తీసుకుని ఉంటే మీ పేరు మీద వాటా రాసి ఉందేమో చూసుకోవాలి. ఈసారి గుంటూరు వెళ్లినప్పుడు అమ్మను తీసుకుని సమావేశానికి వెళ్లండి. మీ పొదుపు ఎంత, దానిమీద వాటా ఎంత, బాకీ ఏమైనా ఉందా అని అడిగి, లెక్క తేల్చి డబ్బు తీసుకోండి. మీరు గ్రూపు నుంచి వైదొలిగినట్టు తీర్మానం రాయించి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. అక్కడి ఆర్పీకి చెప్పి ఆన్‌లైన్‌లో పేరు తీయించండి. తీశారో లేదో మీ సింగ్‌నగర్ ఆర్పీ ఇక్కడి నుంచే చూసి చెప్తుంది. అది అయ్యాకే ఆధార్, రెండు ఫోటోలు తీసుకుని కొత్త గ్రూపు సమావేశానికి వెళ్లండి.